ఓడ దిగి ఊరు చూడాలంటే ఎన్ని వీసాలు?

క్రూయిజ్ బుక్ చేసుకోగానే అందరికీ వచ్చే అనుమానం ఒకటే. వారం రోజుల్లో ఐదు దేశాల రేవులు తిప్పుతారు కదా, ఐదు వీసాలూ తీసుకోవాలా? కొన్ని రూట్లలో ఒక్క వీసాతో ఐదు దేశాలూ అయిపోతాయి. ఇంకొన్నిటిలో ఉన్నవి రెండే దేశాలు, రెండిటి వీసాలూ చేతిలో ఉంటాయి, అయినా చెకిన్ కౌంటర్ దగ్గర ఓడ ఎక్కనివ్వరు. ఎందుకంటే లెక్క దేశాలది కాదు. సరిహద్దు ఎన్నిసార్లు దాటుతున్నారు, ఆ దేశం నుంచి దేన్లో బయటికి వెళ్తున్నారు అన్నదే లెక్క. బ్రోషర్‌లోని రంగుల మ్యాపు ఈ రెండూ చెప్పదు.

విమానం మారేటప్పుడు ట్రాన్సిట్ హాల్లో కూర్చుంటే ఆ దేశంలోకి వెళ్లినట్టు కాదు. రేవులో అలాంటి హాలు ఉండదు. గ్యాంగ్‌వే (ఓడ నుంచి ఒడ్డుకి వేసే వంతెన) దిగి కాలు కింద పెడితే ఆ దేశంలో ఉన్నట్టే. పొద్దున ఎనిమిదింటికి దిగి సాయంత్రం ఐదింటికల్లా ఎక్కేసినా అది ప్రవేశమే. కాబట్టి ఒక దేశానికి విమానంలో వెళ్తే మీ పాస్‌పోర్టుకి వీసా కావాలంటే, ఓడలో వెళ్లినా కావాలనే అనుకుని మొదలుపెట్టండి. మినహాయింపు ఉందేమో తర్వాత వెతకండి. ఉందని తేలితే క్రూయిజ్ కంపెనీ చేత ఈమెయిల్లో రాయించుకోండి. ఫోన్లో "పర్వాలేదండీ, గ్రూపుగా దింపేస్తారు" అన్న మాట కౌంటర్ దగ్గర పనికిరాదు.

72 గంటల మాట

"క్రూయిజ్ ప్రయాణికులకి 72 గంటల వరకు వీసా అక్కర్లేదు" అని చాలామంది ధైర్యంగా చెప్తుంటారు. ఇది పూర్తిగా గాలికబురు కాదు. సముద్ర రవాణాలో కాగితాల తంతు తగ్గించడానికి 1965లో లండన్‌లో కుదిరిన ఫాల్ కన్వెన్షన్ అని ఒక ఒప్పందం ఉంది. ఓడ ఒక రేవులో 72 గంటల లోపే ఆగితే క్రూయిజ్ ప్రయాణికుల్ని వీసా అడగాల్సిన పనిలేదు అని దాని అనుబంధంలో ఉంది. కానీ అది సిఫారసు మాత్రమే. ఆ ఒప్పందంలో తప్పనిసరి ప్రమాణాలు వేరు, సిఫారసులు వేరు. పైగా ప్రత్యేక పరిస్థితుల్లో దేశాలు తమ ఇష్టం అని అందులోనే వెసులుబాటు ఇచ్చారు. కొన్ని దేశాలు దాన్ని చట్టంలో పెట్టుకున్నాయి, కొన్ని అసలు పట్టించుకోలేదు, కొన్ని తమ సొంత షరతులతో వేరే పద్ధతి పెట్టుకున్నాయి.

టర్కీ చట్టంలో పెట్టుకుంది. క్రూయిజ్ ఓడలో వచ్చినవాళ్లు రేవు ఉన్న ఊరినీ చుట్టుపక్కల ప్రాంతాలనూ 72 గంటలు మించకుండా వీసా లేకుండా చూడొచ్చు. కుషాదసిలో దిగి ఎఫెసస్ శిథిలాలు చూసి వచ్చేవాళ్లకి ఇది సరిపోతుంది. కుషాదసిలో దిగిపోయి బస్సెక్కి ఇస్తాంబుల్ వెళ్లి అక్కడ మళ్లీ ఓడ పట్టుకుంటాను అంటే కుదరదు.

జపాన్ 2015 నుంచి ఓడ ప్రయాణికులకి ప్రత్యేక పర్యాటక అనుమతి ఇస్తోంది. అక్కడి ప్రభుత్వం ముందే గుర్తించిన ఓడ అయితేనే ఇది వర్తిస్తుంది. ఒక్క రేవుకైతే 7 రోజుల వరకు, వరసగా చాలా రేవులుంటే 30 రోజుల వరకు ఇస్తారు. ఓడ కదిలేలోగా వెనక్కి ఎక్కాలి. దక్షిణ కొరియాలోనూ ఇలాంటిదే ఉంది, గడువు 3 రోజులు. చైనా 2024 మే 15 నుంచి తీరం వెంబడి 13 క్రూయిజ్ రేవుల్లో 15 రోజుల వీసా రహిత ప్రవేశం ఇచ్చింది. అయితే ఒంటరిగా వచ్చేవాళ్లకి కాదు. కనీసం ఇద్దరున్న గ్రూపు అయ్యుండాలి, చైనా ట్రావెల్ ఏజెన్సీ ఆ గ్రూపుని చేర్చుకోవాలి, దేశం వదిలేదాకా అదే ఓడలో తిరగాలి.

వీటన్నిటినీ ఒక తాడు కలుపుతోంది. అనుమతి మీ పాస్‌పోర్టుకి కాదు, మీరెక్కిన ఓడకి కట్టి ఉంది. వచ్చిన ఓడలోనే వెళ్తున్నంతసేపే అది చెల్లుతుంది.

న్యూజిలాండ్ ఎన్‌జెడ్‌ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2019 అక్టోబర్ 1 నుంచి ఇది తప్పనిసరి. ఓడలో వచ్చి ఓడలోనే వెళ్లిపోయే ప్రయాణికులు ఏ దేశం పాస్‌పోర్టుతో ఉన్నా ఈ ఆన్‌లైన్ అనుమతి చాలు, వీసా అక్కర్లేదు. అదే మనిషి, అదే ఓడ, అవే రేవులు. కానీ క్రూయిజ్ ఆక్లాండ్‌లో ముగిసి అక్కడి నుంచి విమానంలో ఇంటికెళ్తుంటే, వీసా అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి విజిటర్ వీసా కావాల్సిందే. టికెట్ చివరి పంక్తిలో ఉన్న ఒక్క విమానం మొత్తం కథ మార్చేస్తుంది. సిడ్నీ నుంచి సిడ్నీ వరకు ఉన్న ప్యాకేజీ, సిడ్నీ నుంచి ఆక్లాండ్ వరకు ఉన్న ప్యాకేజీ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

షెంజెన్: తోక తెగేది ఇక్కడే

యూరప్ క్రూయిజ్‌లలో ఎక్కువమంది తడబడేది ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసా దగ్గర. ఒకే వీసాతో తిరగనిచ్చే షెంజెన్ ఒప్పందంలో 29 యూరప్ దేశాలున్నాయి. ఓడ వాటి రేవుల మధ్యే తిరిగితే సరిహద్దు తనిఖీలు ఉండవు. బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, నేపుల్స్, వాలెట్టా, మళ్లీ బార్సిలోనా. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, మాల్టా అని నాలుగు దేశాలు, ఒకే ప్రవేశం. సింగిల్ ఎంట్రీ వీసా సరిపోతుంది.

ఇప్పుడు గ్రీస్ రూటు చూడండి. ఏథెన్స్‌కి విమానంలో వెళ్లి పిరేయస్ రేవులో ఓడ ఎక్కుతారు. మికొనోస్, తర్వాత కుషాదసి, తర్వాత రోడ్స్, శాంటొరిని, తిరిగి పిరేయస్. ఒక్క టర్కీ ఊరు తప్ప అన్నీ గ్రీస్ దీవులే. కానీ మికొనోస్ వదిలి కుషాదసి వైపు కదిలిన క్షణంలో షెంజెన్ నుంచి బయటపడ్డారు, రోడ్స్‌లో మళ్లీ లోపలికి వస్తున్నారు. ప్రవేశాలు రెండు. టర్కీ 72 గంటల వెసులుబాటు ఇక్కడ మిమ్మల్ని కాపాడదు, ఎందుకంటే సమస్య టర్కీలో దిగడం కాదు, గ్రీస్‌కి తిరిగి రావడం. వీసా స్టిక్కర్‌మీద ప్రవేశాల సంఖ్య అని ఒక గడి ఉంటుంది. అందులో 01 అని ఉంటే ఈ ఓడ మీది కాదు. 02 గానీ, మల్టిపుల్‌కి పొట్టిపేరుగా వేసే మల్ట్ గానీ ఉండాలి. వీసా చేతికి రాగానే పేరు, తేదీలతో పాటు ఈ గడి కూడా చూడండి. మల్టిపుల్ అడిగినా 01 వేసి పంపడం మామూలే. సరిదిద్దమని అడగడానికి అప్పుడైతే సమయం ఉంటుంది.

షెంజెన్ గీత ఎక్కడుందో మ్యాపు చూసి ఊహించకూడదు. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది కాబట్టి డుబ్రోవ్‌నిక్ లోపలే. దాని పక్కనే ఉన్న కోటోర్ మాంటెనెగ్రోది, బయట. వెనిస్ వైపు నుంచి బయల్దేరి కోటోర్ చూసి గ్రీస్ దీవి కోర్ఫూ వెళ్లే రూటులోనూ రెండు ప్రవేశాలే. సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంజెన్‌లో లేదు. ఐర్లాండ్ కూడా అంతే. బ్రిటన్ సరేసరి. నార్వే షెంజెన్ దేశమే, కానీ దాని స్వాల్‌బార్డ్ దీవులు షెంజెన్ బయట. అక్కడికి వీసా అక్కర్లేదు, తిరిగి నార్వే నేల మీదికి రావడానికి మాత్రం రెండో ప్రవేశం కావాలి. గ్రీన్‌లాండ్, ఫారో దీవులు డెన్మార్క్ కింద ఉన్నా మామూలు షెంజెన్ వీసా చెల్లదు, అక్కడ చెల్లుతుందని వీసా మీద విడిగా రాసి ఉండాలి. కరీబియన్‌లో మార్టినిక్, గ్వాడెలూప్ ఫ్రాన్స్‌వే, డబ్బు కూడా యూరోయే, అయినా షెంజెన్‌లో లేవు. ఫ్రాన్స్ వీసా ఉందని ధీమాగా అక్కడికి బయల్దేరకండి.

దరఖాస్తు ఏ దేశానికి పెట్టాలి? ఎక్కువ రోజులు ఎక్కడ గడుపుతారో ఆ దేశానికి. ఇటలీలో మూడు రేవులు, స్పెయిన్‌లో ఒకటి, ఫ్రాన్స్‌లో ఒకటి ఉంటే ఇటలీకి. సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. ఓడ ఎక్కడానికి ముందు హోటల్లో ఉండే రెండు రాత్రులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి, చాలాసార్లు అవే తేల్చేస్తాయి. ఆరు గంటలే ఆగినా రేవులో ఉన్న రోజు పూర్తి రోజు కిందే పడుతుంది, 180 రోజుల్లో 90 రోజుల పరిమితిలో అదీ కలుస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, 15 రోజుల ముందు దాకా తీసుకుంటారు. ఆ చివరి తేదీని నమ్ముకోవద్దు. 15 రోజుల్లో తేల్చాలన్నది నియమమే గానీ, అవసరమైతే 45 రోజుల వరకు పొడిగించే అధికారం వాళ్లకి ఉంది.

ఎందుకో అర్థంకాని ఆ ఒక్క రేవు

సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లి సియాటిల్‌కే తిరిగొచ్చే క్రూయిజ్‌లో చివర్లో కెనడాలోని విక్టోరియా అని ఒక రేవు ఉంటుంది. చాలా షెడ్యూళ్లలో సాయంత్రం చేరి అర్ధరాత్రిలోపు బయల్దేరిపోతారు. ఊరు చూడ్డానికి అదేం వేళ అనిపిస్తుంది. అసలు కారణం 1886 నాటి అమెరికా చట్టం. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదు, మధ్యలో ఒక విదేశీ రేవు తగలాలి. పెద్ద క్రూయిజ్ ఓడలన్నీ దాదాపు బహామాస్, పనామా, మాల్టా, బెర్ముడా జెండాలవే. కాబట్టి కెనడాలో ఒక మొక్కుబడి మజిలీ. ఓడకి మొక్కుబడే, మీకు మాత్రం అది కెనడా ప్రవేశం. వీసా అవసరమైన పాస్‌పోర్టు అయితే ఆ నాలుగు గంటల కోసం పూర్తి కెనడా విజిటర్ వీసా తీసుకోవాలి.

ఇక్కడే ఒక పెద్ద గొయ్యి ఉంది. ఫిలిప్పీన్స్, థాయిలాండ్, బ్రెజిల్ లాంటి కొన్ని దేశాలవాళ్లు, అమెరికా వీసా గానీ, గత పదేళ్లలో తీసుకున్న కెనడా వీసా గానీ ఉంటే, వీసా బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతితో కెనడా వెళ్లొచ్చు. కానీ విమానంలో వెళ్తేనే. ఓడలో వస్తే అదే మనిషికి వీసా కావాలి. పోయినేడు ఈటీఏతో వాంకూవర్ విమానం దిగినవాళ్లు ఈ ఏడు విక్టోరియా రేవుకి అదే చాలనుకుంటే ఓడ ఎక్కలేరు.

జపాన్‌లోనూ ఇదే తంతు. యోకోహామాలో ఎక్కి యోకోహామాలో దిగే క్రూయిజ్ మధ్యలో దక్షిణ కొరియాలోని బుసాన్ వెళ్లొస్తుంది. విమానంలో టోక్యో వచ్చి సింగిల్ ఎంట్రీ వీసా వాడేశారు. బుసాన్ వెళ్లగానే దాని పని అయిపోయింది. తిరిగి నాగసాకిలో అడుగుపెట్టేది రెండో ప్రవేశం. ఓడ ప్రయాణికుల పర్యాటక అనుమతి ఆదుకుంటుందా అంటే, చివరికి యోకోహామాలో ఓడ వదిలేసి విమానం ఎక్కుతారు కాబట్టి అదీ సరిపోదు. డబుల్ ఎంట్రీ అడగాలి, దరఖాస్తుతో పాటు ఓడ రూటు కాగితం జతచేసి ఎందుకు అడుగుతున్నారో చూపించాలి.

"నేను దిగనులెండి" అంటే?

దిగకపోయినా చాలా కంపెనీలు ఒప్పుకోవు. ప్రయాణికుల జాబితా ప్రతి రేవుకీ ముందే వెళ్తుంది. వీసా లేని ప్రయాణికుణ్ణి తెచ్చినందుకు జరిమానా పడేది ఓడ కంపెనీకి. గుండెనొప్పి వచ్చి ఆసుపత్రికి దింపాల్సివస్తే ఆ కాగితాల తలనొప్పీ వాళ్లదే. అమెరికాలో అయితే ఓడ మొదటి అమెరికా రేవు చేరినప్పుడు విదేశీయులందరూ ఇమ్మిగ్రేషన్ ముందుకి రావాల్సిందే, దిగే ఉద్దేశం లేదంటే వదలరు. అందుకని షెడ్యూల్లో ఉన్న రేవులన్నిటికీ అర్హత ఉంటేనే బోర్డింగ్ అన్నది మామూలు నియమం. ఒక్క వీసా లేక ఆగిపోతే టికెట్ డబ్బు తిరిగి రాదు. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటే, వీసా లేకపోవడం చాలా పాలసీల్లో కవర్ కాదు.

వాతావరణం బాగోక రేవు మార్చే సందర్భాలూ ఉన్నాయి. రూటు చుట్టుపక్కల ఏ రేవులు ప్రత్యామ్నాయంగా ఉంటాయో చూసి, వీలుంటే మల్టిపుల్ ఎంట్రీయే అడగడం మంచిది.

కాగితాల పని, వరస తప్పకుండా

ఒక తెల్ల కాగితం తీసుకుని ఇంటి నుంచి ఇంటిదాకా రూటంతా రాయండి, విమానం మారే ఊళ్లతో సహా. ప్రతి రేవు పక్కన దేశం, ఏ ప్రాంతం కిందకి వస్తుంది, వచ్చేది దేన్లో, పోయేది దేన్లో అని రాయండి. సరిహద్దు దాటిన ప్రతిచోటా ఒక గీత పెట్టండి. ఒకే దేశంలోకి రెండు గీతలు కనిపిస్తే సింగిల్ ఎంట్రీ పనికిరాదు. పది నిమిషాల పని ఇది.

తర్వాత, పాస్‌పోర్టు చేతిలోంచి వదలాల్సిన వీసాలు ముందు, ఆన్‌లైన్‌వి తర్వాత. పాస్‌పోర్టు ఒక్కటే, రెండు కాన్సులేట్లలో ఒకేసారి ఉండలేదు. రెండు స్టిక్కర్ వీసాలు కావాల్సివస్తే నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టాలి. దరఖాస్తులో హోటల్ వివరాలు అడిగే చోట ఓడ పేరు, బుకింగ్ నంబర్, కేబిన్ నంబర్ ఇస్తారు. మీ పేరు, పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే ఉన్న బుకింగ్ కన్ఫర్మేషన్, ప్రతి రేవుకీ చేరే, బయల్దేరే సమయాలున్న రూటు కాగితం జతచేయాలి. ఏజెంట్ ఇచ్చే ఒక పేజీ ఇన్‌వాయిస్ చాలదు. షెంజెన్‌కైతే కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి ఇన్సూరెన్స్ ఉండాలి, అది ఓడలో గడిపే రోజులన్నిటికీ వర్తించాలి.

పాస్‌పోర్టు గడువు క్రూయిజ్ ముగిసిన తేదీ నుంచి ఆరు నెలలు మిగిలి ఉండాలి. ఓడ ఎక్కే తేదీ నుంచి లెక్కేసుకుని పొరపాటు పడతారు. గడువు దగ్గరపడిందని మధ్యలో పాస్‌పోర్టు మార్చుకుంటే, అమెరికా ఇచ్చే ఆన్‌లైన్ అనుమతి ఎస్టా, బ్రిటన్ ఈటీఏ, న్యూజిలాండ్ ఎన్‌జెడ్‌ఈటీఏ పాత నంబర్‌కే కట్టి ఉంటాయి, కొత్తగా పెట్టుకోవాలి. క్రూయిజ్ కంపెనీ ఆన్‌లైన్ చెకిన్‌లో కూడా నంబర్ మార్చాలి. ఈ రెండో పని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

వీసా కాదుగానీ అంతే పట్టుగా అడ్డుపడేది యెల్లో ఫీవర్ టీకా కార్డు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా రేవులున్న రూట్లలో తర్వాతి దేశం దీన్ని అడగొచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి చివరి వారంలో పరిగెత్తితే లాభం లేదు.

దిగాక

కొన్ని రూట్లలో ఓడ ఎక్కగానే పాస్‌పోర్టులు తీసుకుని రిసెప్షన్‌లో ఉంచుకుంటారు. రేవు అధికారులకి ఒకేసారి చూపించడానికి అదే సులువు. అందుకే ఫోటో పేజీ, వీసా పేజీ ఫోటోకాపీలు రెండు సెట్లు బ్యాగులో పెట్టుకోండి. దిగేటప్పుడు ఓడ కార్డు, ఫోటోకాపీ, అనుమతి చీటీ ఇచ్చి ఉంటే అదీ దగ్గరుండాలి. ఆ చీటీ వెనక్కి ఎక్కేటప్పుడు అడుగుతారు, టిక్కెట్టు ముక్కలా నలిపి పారేయకండి. గ్యాంగ్‌వే దగ్గర బోర్డు మీద రాసిన తిరిగి ఎక్కాల్సిన సమయం ఓడ గడియారానిదా, ఊరి గడియారానిదా అన్నది దిగేముందే అడగండి.

ఓడ అందకపోతే మొదట వెతకాల్సింది అక్కడ ఓడ కంపెనీ తరఫున పనిచేసే రేవు ఏజెంట్‌ని. ఆ పేరు, ఫోన్ నంబర్ సాధారణంగా ఓడలో రోజూ ఇచ్చే కార్యక్రమ పత్రంలో ఉంటాయి, దిగేముందు ఫోటో తీసుకోండి. మీరు ఎక్కలేదని తేలితే చాలా ఓడల్లో సిబ్బంది పాస్‌పోర్టు తీసి ఏజెంట్‌కి ఇచ్చి వెళ్తారు. పాస్‌పోర్టు వీసా మీద దిగినవాళ్లకి ఇక మిగిలేది ఖర్చే, తర్వాతి రేవుకి విమానమో రైలో పట్టుకోవచ్చు. ఓడ అనుమతి మీద దిగినవాళ్ల పరిస్థితి వేరు. ఓడ వెళ్లిపోయింది కాబట్టి ఆ అనుమతి ఇక చెల్లదు. అదే రోజు ఏజెంట్‌ని వెంటబెట్టుకుని ఇమ్మిగ్రేషన్‌కి వెళ్లి విషయం చెప్పి నమోదు చేయించుకోవాలి, తెల్లారి చూద్దాంలే అనుకుంటే గడువు మీరి ఉన్నట్టవుతుంది. తర్వాతి రేవుకి విమానంలో వెళ్లి ఓడని అందుకుందామంటే, అక్కడ కూడా ఓడలో వచ్చేవాళ్లకే వెసులుబాటు, విమానం దిగేవాళ్లకి వీసా కావాలి. బుసాన్‌లో ఓడ అందక, జపాన్ వీసా లేకుండా నాగసాకిలో ఓడని కలుసుకోవడం కుదరదు. అప్పుడు ఏజెంట్ తీసిచ్చే టికెట్ నేరుగా ఇంటికే, సూట్‌కేసు మాత్రం ఓడలోనే చివరి రేవుదాకా వెళ్తుంది.